సముద్రం మత్తడి పడ్డది

ఇసుకలపేట,
జూలై 6.

అక్క శోభారాణికి, పక్కన కూర్చుని వింటున్న అవ్వకు,

తమ్ముడు ఐలేశ్ వ్రాయునది. నేనిక్కడ క్షేమం. మీరక్కడ క్షేమమని తలుస్తాను. కాకపోతే ఈపాటికి ఫోన్ వచ్చేది.

జేబులో ఫోన్ పెట్టుకుని ఉత్తరాలు రాసే డిగ్రీ హోల్డరు ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే. కవరు అడిగితే పోస్టాఫీసు ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఇంట్లో అంతా బాగేనా అని పరామర్శించాడు. ఏం చేస్తాం, నేను రైలెక్కే రోజు అవ్వ విధించిన షరతు అలాంటిది. "వీడు నోటితోని చెప్పింది గాలికి పోతది. ఏదున్నా కాయితం మీద రాసి పంపుమను. కాయితమైతే రేపు పట్టుకొని అడగొచ్చు." ఏడో తరగతిలో నేను బడి పైకప్పు కూలిందని చెప్పి మూడు రోజులు ఇంట్లో పడుకున్న కేసు అవ్వ దగ్గర ఇంకా పెండింగులో ఉంది.

ఇక ఉద్యోగ విశేషాలు. లాడ్జి పేరు సాగరకన్య. గదులు పదకొండు. నేను మేనేజర్ని. నా కింద ఎవరూ లేనందువల్ల వాళ్ళ పని కూడా నేనే చేస్తూ, సరిగ్గా చేయనప్పుడు నన్ను నేనే మందలించుకుంటున్నాను.

యజమానురాలు కమలాదేవి గారు. వానాకాలంలో సముద్రం చూడ్డానికి ఎవరూ రారని ఆవిడ ఏటా మూడు నెలలు లాడ్జికి తాళం వేస్తారు. ఇంటర్వ్యూలో నేను, వానలో సముద్రం ఇంకా బాగుంటుంది, తాళం వేయకండి, జనాన్ని నేను రప్పిస్తాను అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, దసరాలోపు ఒక్కటంటే ఒక్కరోజు పదకొండు గదులూ నిండితే ఉద్యోగం ఖాయం, లేకపోతే తాళం మీ చేత్తోనే వేసి వెళ్ళండి అన్నారు. వెళ్ళడమంటే ఎక్కడికో మీకు తెలుసు. నాయిన జనగామలో పురుగుమందుల దుకాణంలో నాకోసం ఒక స్టూలు మాట్లాడి పెట్టాడు. దసరా దాకా దాని మీద ఎవరినీ కూర్చోనివ్వరని వినికిడి.

భయపడాల్సింది ఏమీ లేదు. లాడ్జిలో "గదులు ఖాళీ లేవు" అని ఎర్ర అక్షరాల బోర్డు ఒకటుంది. నేను వచ్చిన వారానికే దాన్ని గుమ్మానికి వేలాడదీయాల్సి వచ్చిందంటే మిగతాది మీరే అర్థం చేసుకోండి.

ఉన్నవాళ్ళలో ఒకాయన మరీ ప్రత్యేకం. నాకంటే ముందే వచ్చారు. శాకాహారి. ఎక్కువ మాట్లాడరు. పొద్దున్నే ఒడ్డున నడుస్తారు, వాన పడితే వసారాలో నిలబడి దూరంగా చూస్తారు. ఇంతవరకు ఎవరితోనూ పేచీ లేదు.

అవ్వా, సముద్రం బాగుంది. నిన్ను అడిగానని చెప్పమంది.

మీ
ఐలేశ్


నాగారంపల్లె, గణపురం మండలం,
జూలై 19.

తమ్ముడు ఐలేశ్‌కు అక్క ఆశీస్సులు.

ఉత్తరం అందింది. అవ్వకు రెండుసార్లు చదివాను. మూడోసారి తానే పట్టుకుని, అక్షరం రాకపోయినా పైనుంచి కిందికి చూసి, మడిచి పట్టా పాసుబుక్కు ఉన్న డబ్బాలో పెట్టింది. నీ ఉత్తరానికి ఇప్పుడు రెండెకరాల భూమికున్నంత విలువ ఉంది. జాగ్రత్తగా రాయి.

అవ్వ అడగమన్నవి రాస్తున్నాను. సముద్రం ఎంత నిండింది? మత్తడికి ఇంకా ఎన్ని మూరలు తక్కువ ఉంది? నీరటి ఎవరు?

నవ్వకు. మన దిక్కు పెద్ద చెరువు ఏదైనా సముద్రమే కదా. మన రాయసముద్రానికి మొగిలి తాత నలభై ఏండ్లు నీరటి. తూము తెరిచి ఏ పొలానికి ఎంత నీళ్ళో వదిలింది ఆయనే. చెరువు నిండి కట్ట చివర రాతికట్టు మీంచి నీళ్ళు దుంకితే, మత్తడి పడ్డదని మొదటి కేక వేసిందీ ఆయనే. ఆ కేక వినే కదా ఊరు ఊరంతా నీళ్ళు చూడ్డానికి పోయేది. తాత పోయి పన్నెండేండ్లయినా ఆయన గడ్డపార అవ్వ మంచం కిందనే ఉంది.

అవ్వా, అది వేరే సముద్రం అని చెప్పాను. "ఏదైతేంది, నీళ్ళు నీళ్ళే గద" అంది. అక్కడ జనం ఎండాకాలంలోనే వస్తారట, అదే సీజనట అని చెప్పాను. అవ్వ చాలాసేపు జాలిపడింది. "నిండినంక పోవాలె గని, ఎండినంక పోయి ఏం జూస్తరు బిడ్డా?"

ఇంకొక మాట. ఆ శాకాహారి పెద్దమనిషికి పెండ్లయిందా అని అడుగుతోంది. పక్కింటి రాజీకి సంబంధాలు చూస్తున్నారు. తాగుడు లేదు, పేచీ లేదు, పొద్దున లేస్తాడు, ఇంకేం కావాలె అంటోంది.

నాకు ఆరో నెల. కాళ్ళు కొద్దిగా వాచాయి, అంతే.

నీ అక్క
శోభారాణి


ఇసుకలపేట,
ఆగస్టు 3.

అక్కకు, అవ్వకు,

అవ్వ అడిగిన వివరాలు స్వయంగా తనిఖీ చేసి సమర్పిస్తున్నాను. సముద్రం నిండుగా ఉంది. మత్తడి ఇంకా పడలేదు. తూము ఎక్కడుందో విచారణ జరుగుతోంది. నీరటి పోస్టు చాలాకాలంగా ఖాళీగా ఉన్నట్లుంది, ఎందుకంటే నీళ్ళు తోచినప్పుడు వస్తున్నాయి, తోచినప్పుడు పోతున్నాయి. అడిగే నాథుడు లేడు.

పెద్దమనిషి దగ్గర పెండ్లి మాట కదిపాను. తల ఊపారు. అవుననో కాదనో తేలలేదు.

ఇక్కడ వారం నుంచి ఒకటే వాన. జూన్‌లో ఉతికిన తువ్వాలు ఇంకా ఆరుతూనే ఉంది. ఉప్పుడబ్బాలో ఉప్పు నీళ్ళయింది. సముద్రం పక్కన ఉండీ ఉప్పునీళ్ళు డబ్బాలో దాచుకుంటున్నది నేనొక్కణ్ణే. నిన్న ఒక పీత వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, ప్రతి గది ముందూ ఒక్క క్షణం ఆగి, నచ్చనట్టు వెళ్ళిపోయింది.

అయినా అక్కా, ఒక నిజం చెప్తాను. బాగుంది. ఒడ్డు మీద ఐస్‌క్రీము బండిని పట్టా కప్పి తాళ్ళతో కట్టేశారు. బెలూన్ల వాళ్ళు లేరు, మైకులు లేవు. మొక్కజొన్న కంకులు కాల్చే ముసలామె ఒక్కతే గొడుగు కింద కూర్చుంటుంది, కొనేది నేనొక్కణ్ణే కాబట్టి నాకోసమే కాలుస్తుంది. వేడి కంకి పట్టుకుని నిలబడితే ఆకాశం, సముద్రం ఒకే బూడిద రంగులో కలిసిపోయి ఎక్కడ ఏది మొదలైందో తెలియదు. సముద్రం మీద వాన పడడం ఎప్పుడైనా చూశావా? అన్ని నీళ్ళున్నచోట ఇన్ని నీళ్ళెందుకని మొదట నవ్వొస్తుంది. కాసేపటికి నవ్వు పోతుంది, చూస్తూ ఉండిపోతాం. పొద్దున నడిచి వెనక్కి తిరిగితే అంత పొడవు ఒడ్డు మీద ఉన్నవి నా అడుగులే. ఇంకో అల వచ్చాక అవీ ఉండవు. సీజన్లో వచ్చేవాళ్ళకు ఇదంతా దొరకదు. వాళ్ళకు బెలూన్లు దొరుకుతాయి.

కమలాదేవి గారు నా మాట వినీ వినీ, మీ తెలుగు అచ్చం సినిమాల్లో రౌడీలు మాట్లాడేదిలా ఉంటుందండీ అన్నారు. అవునండీ, మేం మామూలుగా మాట్లాడుకున్నా జనం పారిపోతారు, అందుకే గదులు ఖాళీ... అని నాలుక కరుచుకున్నాను.

మీ
ఐలేశ్


నాగారంపల్లె,
ఆగస్టు 17.

తమ్ముడూ,

నీ హాస్యం ఇక్కడ ఎంత పని చేసిందో చెప్తాను, కూర్చుని చదువు.

సముద్రం నిండుగా ఉంది, మత్తడి ఒక్కటే బాకీ అని అవ్వ మహిళా సంఘం మీటింగులో చెప్పింది. మనమడు కాయితం మీద రాసిండని డబ్బా కూడా చూపించింది. ఇప్పుడు సంఘంలో ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు నీ సముద్రం మత్తడి ఎప్పుడు పడుతుందా అని ఎదురు చూస్తున్నారు. తండా నుంచి సక్రి రోజూ పాలు పోయడానికి వచ్చి, పడ్డదా అని అడిగి పోతోంది. పడ్డనాడు పోయి చూసి రావాలని వాళ్ళ ఆశ.

కానీ అవ్వ వాళ్ళను ఆపింది. "గదులు ఖాళీ లేవని బోర్డు పెట్టుకున్నడు. రమ్మని ఒక్క ముక్క రాయలే. పిలువని పేరంటానికి ఎట్ల పోతం?"

అందులో నువ్వు చదువుకోవాల్సిన అర్థం ఉందని రాశాను. ఇంకొకటి. మొన్న బచ్చన్నపేట నుంచి నాయిన వచ్చాడు. పత్తికి రెండోసారి మందు కొట్టి, ఆ వాసనతోనే దిగాడు. వాడి మాట నమ్మేది లేదు, లాడ్జి లేదు గిడ్జి లేదు, దసరాకు వాపసు వస్తడు, స్టూలు మాట్లాడి పెట్టిన అన్నాడు. అవ్వ లేచి డబ్బా తెచ్చింది. నీ ఉత్తరం తీసి నాయిన మొగాన పెట్టింది. "నోటితోని చెప్తె నేనూ నమ్మకపోదు పరశురాములూ. పిలగాడు కాయితం మీద రాసిండు. కాయితం మీద అబద్ధం రాసేటంత చెడలే."

నాయిన చాయ్ తాగి పోయాడు. నువ్వు జర చూసుకో.

శోభ


ఇసుకలపేట,
ఆగస్టు 29.

అక్కకు మాత్రమే. అవ్వకు చదవకు.

నీ ఉత్తరం వరండాలో నిలబడి చదివాను. తర్వాత కూర్చుని చదివాను.

గదులు పదకొండు. పదకొండూ ఖాళీ. నేను వచ్చిన రోజు నుంచీ ఖాళీ. జూలైలో ఒక జంట వచ్చి, గది చూసి, సముద్రం చూసి, ఒకరినొకరు చూసుకుని వెళ్ళిపోయారు. బోర్డు గుమ్మానికి వేలాడదీసిన మాట నిజమే. వంటింటి గుమ్మానికి. చెమ్మకు బూజు పట్టిందని ఆరబెట్టాను.

ఆ శాకాహారి పెద్దమనిషి గుర్రం. సీజన్లో పిల్లలను ఎక్కించుకుని ఒడ్డున తిప్పే గుర్రం. దాని యజమాని వానలు పోయేదాకా మన వసారాలో కట్టేసి ఊరికి వెళ్ళాడు. గడ్డి నేనే వేస్తాను. పొద్దున ఒడ్డుకు నేనే తీసుకెళ్తాను. పేచీ లేదన్నది మాత్రం నిజం.

నేను ఎక్కడా పచ్చి అబద్ధం రాయలేదక్కా. ప్రతి వాక్యం నిజమయ్యేట్టు చూసుకునే రాశాను. డిగ్రీలో నేర్చుకున్నది అదొక్కటే. అవ్వ ఆ కాగితం పట్టుకుని నాయినకు ఎదురు నిలబడిందని చదివాక మాత్రం, బడి పైకప్పు నిజంగానే నా మీద పడ్డట్టుంది.

దసరాకు ఐదు వారాలుంది. నేను తాళానికి నూనె వేసి పెట్టాను, తుప్పు పట్టింది. స్టూలుకు వీపు ఆనించుకునేది ఏమైనా ఉంటుందేమో నాయినను మెల్లగా కనుక్కో.

ఐలేశ్


నాగారంపల్లె,
సెప్టెంబరు 6.

తమ్ముడూ,

అవ్వకు చదవలేదు. కవరు చూసి, ఏం రాసిండని అడిగింది. బాగున్నాడట అన్నాను. ఇంత మందం ఉత్తరంల గంతేనా అంది. డబ్బాలో పెట్టమంటే పెట్టాను.

నీకు పదకొండు గదులు. ఇక్కడ ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు. నేను లెక్కల్లో వీకు, నువ్వు డిగ్రీ చదివావు. రమ్మని ఒక్క మాట రాయి. ఎవరి మానం పోతుంది?

స్టూలుకు వీపు లేదు. నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టి.

శోభ


ఇసుకలపేట,
సెప్టెంబరు 15.

శ్రీమతి భద్రమ్మ గారి సముఖమునకు,
సాగరకన్య లాడ్జి మేనేజరు సవినయంగా తెలియజేయునది.

అవ్వా, సముద్రం మత్తడి పడ్డది.

ఇది కాగితం మీద రాస్తున్నాను. పట్టుకుని అడగొచ్చు. మొన్న వాయుగుండం వచ్చింది. శనివారం పొద్దున సముద్రం రోడ్డు దాటి, మన గేటు దాటి, వాకిట్లోకి వచ్చింది. ఒకటో నంబరు నుంచి నాలుగో నంబరు దాకా గదులన్నీ తిరిగి చూసింది. ఈ వానాకాలంలో మా దగ్గర గది చూసి లోపలికి వచ్చింది అదొక్కటే. తర్వాత వెనక్కి పోయింది గానీ, వాకిట్లోకి వచ్చిన నీళ్ళు మాత్రం మోకాలి లోతున అట్లాగే ఉన్నాయి, పోవడం లేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. కంకుల ముసలామె గొడుగు పోయింది, కొత్తది తెచ్చుకుంది. కమలాదేవి గారు గేటు దగ్గర నిలబడి చూసి, ఇంకెందుకండీ తాళం వేసేద్దాం అన్నారు. మా అవ్వకు ఒక ఉత్తరం రాయాల్సి ఉంది, జవాబు వచ్చాక వేద్దామండీ అన్నాను.

మత్తడి పడితే రాయమన్నావు. రాశాను.

ఐలేశ్


నాగారంపల్లె,
సెప్టెంబరు 25.

తమ్ముడూ,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. అవ్వ కొంగుకు కట్టి పంపుతున్నాను. నీ ఉత్తరం చదివేసరికి అవ్వ లేచి వాకిట్లోకి పోయి, తాత వేసే కేక వేసింది. "మత్తడి పడ్డదో..." అని. డెబ్బై రెండేండ్ల గొంతు. చెరువు దిక్కు ఉరికినవాళ్ళను వెనక్కి పిలిచి, ఇది కాదు ఆ సముద్రమని చెప్పడానికి గంట పట్టింది.

రేపు బతుకమ్మకు ఆరో రోజు. అలిగిన బతుకమ్మ కదా, రేపు ఎవరూ పేర్చరు, ఆడరు. పని లేని రోజు అదొక్కటే కాబట్టి ప్రయాణం దానికే పెట్టారు. ఎల్లుండి అక్కడ ఆడి, చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి ఊళ్ళో ఉంటారట. ఇరవై ఇద్దరు. మానుకోట దాకా బస్సు, అక్కడి స్టేషన్‌లో రైలు. తంగేడు, గునుగు తడి సంచుల్లో కట్టుకున్నారు. అక్కడ పూలు దొరకవని కాదు, సముద్రం పూలంటే ఏముంటాయో తెలియదని.

అవ్వ మంచం కింద గడ్డపార కనబడటం లేదు. పాత చీరలో చుట్టి ఏదో పట్టుకుంది. ఏందవ్వా అంటే చేతికర్ర అంటోంది.

నాకు ఎనిమిదో నెల. డాక్టరమ్మ పోవద్దంది. నువ్వు చూసి రాయి. ఈసారి అర్థాలు వెతుక్కోకుండా చదివేటట్టు రాయి.

శోభ


ఇసుకలపేట,
సెప్టెంబరు 30.

అక్కకు,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. అలవాటు లేదు, తప్పులుంటే మన్నించు.

వాళ్ళు శనివారం పొద్దున ఏడింటికి నాలుగు ఆటోల్లో దిగారు. డోర్నకల్‌లో రైలు గంటన్నర ఆగిందట. కదలదనే ధైర్యంతో అందరూ దిగి ప్లాట్‌ఫాం మీద సద్దులు విప్పుకుని తిన్నారట. గార్డు వచ్చి, ఎక్కండి అమ్మా అంటే, సక్రి ఆయనకు ఒక రొట్టె పెట్టి ఇంకో పది నిమిషాలు ఆగమందట. ఆగాడట. ఇది నేను చూడలేదు, వాళ్ళు చెప్పింది రాస్తున్నాను.

అవ్వ గేటు దగ్గర ఆగింది. వాకిట్లో రెండు వారాల నీళ్ళు, పచ్చగా. కాళ్ళు కడుక్కుని లోపలికి రా అవ్వా అన్నాను, నీళ్ళలోంచి నడిచి వచ్చే మనిషితో. అవ్వ ఆ మాట పట్టించుకోలేదు.

"తూము ఏది?"

తూము లేదవ్వా, ఇది లాడ్జి అన్నాను. "నీళ్ళు వచ్చినయంటే పోయే తొవ్వ గూడ ఉంటది" అని చీర ఎగగట్టి దిగింది. పరుగు లేదు, హడావుడి లేదు. ఒక్కో అడుగు వేసి ఆగుతుంది. నీళ్ళు ఎటు పోవాలనుకుంటున్నాయో కాలికి తెలుస్తుందట. అట్లా వాకిలంతా తిరిగి వసారా దగ్గరికి వచ్చి నిలబడింది. ఎదురుగా మన శాకాహారి పెద్దమనిషి.

అవ్వ ఆయనను చూసింది. ఆయన అవ్వను చూశారు.

"ఈయనేనా?"

ఈయనే అవ్వా అన్నాను.

"తూము మీద నిలవడ్డడు."

అంతే అంది. రాజీ కూడా వచ్చింది కదా, పక్కకు తిరిగి నవ్వుకుంది. గుర్రాన్ని పక్కకు జరిపాను. చీర విప్పితే గడ్డపార. అవ్వ చోటు చూపించింది, నలుగురు ఆడవాళ్ళు పట్టి ఎత్తారు. సిమెంటు బండ కింద నీళ్ళు పోయే పాతకాలం మోరీ, నోటి నిండా ఇసుక. కమలాదేవి గారికి ఆ లాడ్జిలో అలాంటిది ఒకటుందని ముప్ఫై ఏళ్ళుగా తెలియదు. పదకొండింటికి నీళ్ళు గుడగుడమని కదిలాయి. మధ్యాహ్నానికి వాకిట్లో బురద తప్ప ఏమీ లేదు. ఒకటి నుంచి నాలుగు గదులు కడిగి, ఆడవాళ్ళే ముగ్గు కూడా వేశారు. లాడ్జి గదికి ముగ్గు చూడటం నాకు ఇదే మొదలు.

గదికి ఇద్దరు. పదకొండు గదులు. సాయంత్రం కమలాదేవి గారు తానే వంటింట్లోకి వెళ్ళి, బోర్డు తెచ్చి, పైట చెంగుతో తుడిచి, ముందు గుమ్మానికి వేలాడదీశారు. కాస్త వంకరగా ఉంది. సరిచేయబోతే, ఉండనివ్వండి ఐలేశు గారూ, ఎలా ఉన్నా కనబడుతుంది అన్నారు. ఆవిడ నన్ను గారూ అనడం కూడా ఇదే మొదలు.

ఏడో రోజు బతుకమ్మ ఒడ్డున ఆడారు. సన్నగా తుంపర. ఇసుకలో బతుకమ్మలు పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు. అంత పెద్ద ఒడ్డు మీద వాళ్ళు తప్ప ఎవరూ లేరు. కంకుల ముసలామె గొడుగు మడిచి వచ్చి వరసలో కలిసింది. కమలాదేవి గారు దూరంగా నిలబడి, నాకు రాదండీ అంటూ అంటూ మూడో చుట్టుకు కలిశారు. చప్పట్లు ఆవిడ ఎప్పుడూ ఒకటి ఆలస్యమే.

తర్వాత నీళ్ళలో వదలడానికి దిగారు. మోకాళ్ళ లోతుకు పోయి, ఎప్పుడూ అనే మాటే అన్నారు, పోయి రా బతుకమ్మా అని. వదిలారు. పోయింది. అందరూ దండం పెట్టి వెనక్కి తిరిగారు. వెంటనే ఒక అల వచ్చి బతుకమ్మను తెచ్చి సరిగ్గా అవ్వ కాళ్ళ దగ్గర పెట్టింది. పూలు కూడా పెద్దగా చెదరలేదు.

ఇంకోసారి వదిలారు. ఇంకోసారి వచ్చింది. రాయసముద్రంలో వదిలితే ఎప్పుడన్నా తిరిగొచ్చిందా? ఇది శుభమో కాదో ఎవరికీ తెలియదు. అందరూ అవ్వ దిక్కు చూశారు. అవ్వ ఆలోచించింది.

"మనమేమన్నం? పోయి రా అన్నం. పోయింది, వచ్చింది. చెప్పినట్టే జేసింది. మన చెరువుకైతె ఏడాది పడ్తది, దీనికి జర తొందరెక్కువ."

నేను నవ్వలేదక్కా. నవ్వాలనుకున్నాను.

చివరికి చీకటి పడకముందే గుర్రాన్ని తెచ్చి, దాని మీద సక్రి ఎక్కి, అలలు దాటేదాకా పోయి బతుకమ్మలను వదిలి వచ్చింది. అప్పుడు రాలేదు.

మరునాడు పొద్దున అవ్వ, నేను ఒడ్డున కూర్చున్నాం. కంకి తింటూ చాలాసేపు చూసింది. ఎట్లుంది అవ్వా అన్నాను.

"కట్ట లేదు, తూము లేదు. ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక్క గుంట భూమి పారదాయె. పాపం."

సముద్రాన్ని చూసి గొప్ప అన్నవాళ్ళను చూశాను, భయమన్నవాళ్ళను చూశాను. పాపం అన్న మనిషిని ఇప్పుడే చూశాను. తర్వాత అవ్వ లేచి, నీళ్ళ దగ్గరికి పోయి, వంగి రెండుసార్లు తట్టింది. మన బర్రెను తట్టినట్టే.

ఉద్యోగం ఖాయమైంది. నాయినకు చెప్పు. కాదు, ఈ ఉత్తరం చూపించు.

ఐలేశ్


నాగారంపల్లె,
అక్టోబరు 9.

తమ్ముడూ,

నాయినకు చూపించాను. రెండుసార్లు చదివి, ఇది వాడి రాతేనా అని అడిగాడు. ఆ స్టూలు మీద దుకాణం వాళ్ళు ఫ్యాను పెట్టుకున్నారట. పొట్టి కాలు కింద అట్టముక్క పెడితే బాగానే నిలబడిందట.

నీకు చెప్పాల్సింది ఒకటి ఉంది. అవ్వ దాచమంది. నేను దాచను.

నీ ఆగస్టు ఉత్తరం, అవ్వకు చదవకు అని రాసింది, నేను చదవలేదు. రాజీ చదివింది. నేను దవాఖానకు పోయిన రోజు అవ్వ డబ్బా తీసి దాని చేతికిచ్చి చదివించుకుందట. గుర్రం సంగతితో సహా. రాజీ అక్కడ నవ్వింది అందుకే. నాకు ఇది నిన్ననే తెలిసింది. నేను కొంచెం కోపంగా, అన్నీ తెలిసీ ఆ మత్తడి మాట నమ్మినట్టు ఊరందరినీ ఎట్లా లేపావు అవ్వా అని అడిగాను.

అవ్వ చింతపండు పిసుకుతూ చెప్పింది.

"సముద్రానికి మత్తడి ఉండదని నాకు తెల్వదా బిడ్డా? నీరటి పెండ్లాన్ని నేను. అడిగినప్పుడు తెల్వకనే అడిగిన. వాడు నవ్వులాటకు రాసిండని టీవీల సముద్రం జూసినప్పుడే సమజైంది. గని వాడేమో రమ్మని రాయడు, నామోషి. నేనేమో పిలువంది పోను, నాకూ నామోషి. ఇద్దరి నడుమ ఏదో ఒకటి దుంకాలె గద. అందుకే చూసిన, ఎప్పుడు పడ్తదా అని."

తర్వాత చేతులు కడుక్కుని డబ్బా తెచ్చి, నీ ఉత్తరాలన్నీ ఒక వరసలో పెట్టమంది. పెట్టాను. ఆ ఆగస్టుది అన్నిటికంటే కింద, పాసుబుక్కు లోపల పెట్టింది.

అక్కడినుంచి తిరిగొచ్చినప్పటి నుంచి అవ్వ పోస్టు సైకిలు గంట వినబడితే వాకిట్లోకి పోతోంది. ఎందుకవ్వా అంటే, ఊరికే అంటోంది. అడగదు. నీకు తెలుసు.

శోభ


ఇసుకలపేట,
అక్టోబరు 18.

అవ్వకు,

సముద్రం మామూలుగా ఉంది. మత్తడి పడలేదు. పడదు. గదులు పదకొండూ ఖాళీ. బోర్డు వంటింట్లో ఉంది. తూము మీద ఎవరినీ నిలబడనివ్వడం లేదు.

ఊరికే రా.

నీ
ఐలేశ్